ముందు కాలు

మధుసూదన్ సార్ పార్సిలును భుజాన పెట్టుకుని దుకాణంలోకి వచ్చేసరికి సాదియా ఆటో సీటు కవరు మూల తిప్పుతోంది. మందపాటి రెగ్జిన్‌ను ఎడమచేత్తో నొక్కిపట్టి, కుడిచేత్తో మిషను చక్రాన్ని ఒక్కో కుట్టుగా తిప్పుతోంది. మూలల దగ్గర ఆమె మోటారును నమ్మదు. మార్కాపురం బస్టాండు పక్కనున్న ముస్తాక్ అహ్మద్ దుకాణానికి సీటు కవర్ల కోసం గిద్దలూరు నుంచి కూడా ఆటోలు వస్తాయంటే ఆ మూలల వల్లనే. ఆ సంగతి తండ్రి అందరికీ చెబుతాడు, కూతురి ముందు తప్ప.

"ముందు నీ కుట్టు కానీ తల్లీ, తొందరేం లేదు," అన్నాడు సార్. అంటూనే పార్సిలును బల్ల మీద దించి, ముస్తాక్ చేతిలోని కత్తెర అడిగి తీసుకున్నాడు.

ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. ఆదివారం వచ్చిందంటే కెమెరా మెడలో వేసుకుని నల్లమల అంచు గుట్టలెక్కుతాడు. ఆయన వెంట మరో ముగ్గురు: హైస్కూలు టీచరు రాధాకుమారి, గిద్దలూరులో ఫొటో స్టూడియో నడిపే శ్యాంసన్, సాదియా. ఫారెస్టు వాళ్లు పోవచ్చన్న దారి దాటకూడదు, ఎక్కడికి పోతున్నదీ ఇంట్లో చెప్పకుండా బయలుదేరకూడదు, నీళ్ల సీసా నిండుగా లేకపోతే బండి ఎక్కనివ్వడు. ఆయనతో పోతున్నానంటేనే ముస్తాక్ కూతురిని పంపేది.

పార్సిల్లోంచి ఒక్కో వస్తువూ బయటికొచ్చింది. విజిళ్లు. తలకు కట్టుకునే లైట్లు. గుడ్డపట్టీలూ మందులూ సర్దిన చిన్న సంచి. మడిస్తే జేబురుమాలంత, విప్పితే మంచమంత అయ్యే వెండిరంగు రేకు దుప్పట్లు.

"ఇవి చలికి వణికేటోళ్లకు చుట్టేదానికి," అని ఒకటి విప్పి చూపించాడు సార్. దుకాణమంతా తళతళలాడింది. "ఎవరైనా దారి తప్పితే ఎండలో పరిస్తే చాలు, దూరానికి మెరుస్తాది."

ముస్తాక్ దాన్ని రెండు వేళ్లతో పట్టి చూసి, "దీంతో సీటు కుడితే పెళ్లికొడుకు బండికి బాగుంటాది," అన్నాడు.

అడుగున ఉన్నవి కాలి తొడుగులు. మోకాలి కిందినుంచి మడమ దాకా వచ్చే గట్టి తొడుగులు, పక్కన పట్టీలు. పాము కొట్టినా కోర లోపలికి దిగకుండా చేసినవట. సాదియా ఒకటి తీసుకుని లోపలి పొరను గోటితో గీరి చూసింది. అంచులు ఎక్కడ మడిచారో, పట్టీని ఎన్నిసార్లు కుట్టారో చూసింది. కుట్టు బాగుంది. మూలలు కూడా బాగున్నాయి.

"నలుగురం గదా, నాలుగు జతలు తెప్పించినా," అన్నాడు సార్. "రేపటినుంచి ఇవి లేకుండా ఎవరూ గడ్డిలో దిగేది లేదు. నువ్వు అందరి సంచులకూ విజిలు తగిలించుకునే కొక్కీ కుట్టియ్యి. పడిపోయినా నోటికి అందేటట్ల ఉండాల."

"మనకు దారి చూపే బాలయ్య పెదనాయనకు?" అంది సాదియా.

"ఆయనకెందుకమ్మా? కొండలో పుట్టి పెరిగిన మనిషి. చెప్పులే బరువంటాడు."

సాదియా సంచీ పట్టీని మిషను కిందికి జరిపి కొక్కీ కుట్టడం మొదలుపెట్టింది. కానీ మొదటి కొక్కీ వంకరగా పడింది. విప్పి మళ్లీ కుట్టవలసి వచ్చింది.

మర్నాడు ఇంకా తెల్లవారకముందే అర్ధవీడు దాటి, బాలయ్య ఊరి చివర బండ్లు ఆపారు. మేకల దొడ్డి దగ్గర బాలయ్య దుప్పటి కప్పుకుని నిలబడి ఉన్నాడు. అరవై దాటినవాడు, సన్నగా, కొద్దిగా ముందుకు వంగిన మనిషి. వీళ్లు అక్కడికి రావడం మొదలైనప్పటినుంచీ దారి చూపేది ఆయనే. నలుగురూ వంగి తొడుగులు కట్టుకుంటుంటే ఆయన వింతగా చూశాడు.

"ఏంది సార్ ఇది, ఎద్దులకు లాడాలు కొట్టినట్ల?"

"పాములకు బాలయ్యా."

"పాములకు కట్టాల్సింది మీరు కట్టుకుంటిరే," అని బాలయ్య నవ్వి ముందు నడిచాడు.

వానలు బాగా పడిన ఏడు కావడంతో గడ్డి నడుము దాకా పెరిగింది. మంచుకు తడిసి బరువుగా దారి మీదికి వాలింది. బాలయ్య కర్రతో గడ్డిని అటూ ఇటూ తోస్తూ పోతున్నాడు. వెనక సాదియా. ఆమె తలకు కట్టుకున్న లైటు వెలుగు తిన్నగా ఆయన కాళ్ల మీదే పడుతోంది. రబ్బరు చెప్పులు, మోకాళ్ల పైకి ఎగగట్టిన పంచె, పిక్కల నిండా ముళ్లు గీరిన గీతలు. కొన్ని పాతవి, తెల్లబడినవి. కొన్ని నిన్నటివి. ముందు నడిచే కాళ్లు అవి. వాటి వెనక, అవి తొక్కి చూసిన నేల మీద, నాలుగు జతల కొత్త తొడుగులు భద్రంగా నడుస్తున్నాయి.

ఆమె అలా అనుకుంటూ ఉండగానే ఆయన కాలు గాలిలో ఆగిపోయింది.

కుక్కరు విజిలుకు ముందు వచ్చే శబ్దంలాగా బుస వినిపించింది. బాలయ్య ఎత్తిన కాలిని వెనక్కి తీసుకుని, కర్రను అడ్డంగా పట్టుకున్నాడు. చెప్పు మోపబోయిన చోటనే రక్తపింజర చుట్ట చుట్టుకుని ఉంది. రాధాకుమారి సాదియా భుజం పట్టుకుంది. వెనకనుంచి శ్యాంసన్ కెమెరా టకటకమంది. అది చుట్ట విప్పుకుని, తొందరేమీ లేనట్టు గడ్డిలోకి పోయింది.

"పోనీండి, దాని పని మీద అది పోతాంది," అన్నాడు బాలయ్య.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. శ్యాంసన్ తీసిన ఫొటో చుట్టూ మూగారు. సాదియా మాత్రం బాలయ్యనే చూస్తోంది. ఆయన పక్కకు తిరిగి బీడీ ముట్టించబోయాడు. అగ్గిపుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీస్తే అదీ ఆరిపోయింది. గాలి లేదు. బీడీని మళ్లీ చెవి మీద పెట్టుకుని, తువ్వాలుతో మెడ తుడుచుకుని, "దాండి, పొద్దు పొడుస్తాది," అన్నాడు.

గుట్ట మీద ఆ రోజు ఉదయం చాలా బాగా వచ్చింది. ఒకదాని వెనక ఒకటి కొండలు నీలంగా తేలుతుంటే, వాటి మధ్య పొగమంచు పాలు పొంగినట్టు పొంగి నిలిచింది. చాలా దూరాన, కంభం చెరువు వైపు, నీళ్ల మెరుపు సన్నటి గీతలాగా కనిపించింది. సాదియా కెమెరాను స్టాండు మీద పెట్టి వరసగా తీసుకుంది. తెర మీద చూసుకుని ఆమెకే ముచ్చటేసింది. రాధాకుమారి ఫ్లాస్కులోని టీ అందరికీ పోసింది. మధుసూదన్ సార్ పాట కూడా అందుకున్నాడు. ఆయన గొంతు విని కొండగొర్రెలు పారిపోతాయని శ్యాంసన్ అన్నాడు.

దిగేటప్పుడు సాదియా ఒక బండ మీద కూర్చుని తన తొడుగుల పట్టీలు విప్పింది.

"పెదనాయనా, ఇవి నువ్వు కట్టుకో."

బాలయ్య వెనక్కి జరిగాడు. "వద్దు పాపా. నాకేంటికి అవి?"

"ముందు నడిచేది నువ్వు గదా."

"సాదియా," అన్నాడు సార్, "కట్టుకోకుండా గడ్డిలో దిగకూడదని చెప్పినా గదా. నీకేమన్నా అయితే మీ నాయనకు నేనేం చెప్పాల?"

"ఆయనకేమన్నా అయితే వాళ్ల ఇంటోళ్లకు ఎవురు చెప్తారు సార్?"

ఆమె గొంతు పెంచలేదు. అడగవలసిన మాటే అడిగినట్టు అడిగింది. మధుసూదన్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. బాలయ్య ఆ జతను తీసుకున్నాడు. కట్టుకోకుండా చంకలో పెట్టుకున్నాడు. కిందికి దిగేదాకా సార్ సాదియాను తన అడుగుల్లోనే నడిపించాడు. బండి ఎక్కేటప్పుడు సార్, "జత లేకుండా వచ్చేవారం నిన్ను తీసుకుపోలేనమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే సాదియాకు ఎక్కువ బాధేసింది.

సోమవారం దుకాణంలో ఆటో సీట్లు పక్కకు జరిగాయి.

సాదియా జరిగినదంతా తండ్రికి చెప్పింది. ముస్తాక్ వింటూ, మిషనుకు నూనె పోశాడు. చివరికి, "కుట్టుకో మరి," అన్నాడు. "చేతిలో మిషను పెట్టుకుని ఏడ్చుకుంటా కూర్చుంటావా?"

పైన రెగ్జిన్, లోపల మెత్తటి స్పాంజి. ఆ రెండూ దుకాణంలో కొండలుగా ఉన్నాయి. మధ్యలో ఏం పెట్టాలన్నదే సమస్య. మొదట గట్టి అట్ట పెట్టి కుట్టింది. ముస్తాక్ గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని ఒక్క పోటు పొడిచాడు. ఇటునుంచి అటు వచ్చింది.

"నీ కాలు కాదు గాబట్టి సరిపోయింది," అన్నాడు.

మంగళవారం ఫ్లెక్సీ బ్యానరు ముక్కలు పొరలుగా పెట్టింది. దబ్బనం కాస్త ఆలోచించి దిగింది. బుధవారం పాత నీళ్ల డ్రమ్మును అడ్డంగా కోయించి, ఆ ప్లాస్టిక్ ముక్కను వేడినీళ్లలో ముంచి, గుండ్రటి రోకలికి చుట్టి ఆరబెట్టింది. అది పిక్క వంపులో కుదురుకుంది. ముస్తాక్ దబ్బనంతో పొడిచాడు. దిగలేదు. లేచి నిలబడి బలం కొద్దీ పొడిచాడు. దబ్బనం వంగింది. ఆయన దబ్బనాన్నీ కూతురినీ మార్చి మార్చి చూశాడు.

"నేను బతికుండగా ఇంకో దబ్బనం వంచొద్దు," అన్నాడు. ఆ సాయంత్రం టీ తాగడానికి వచ్చిన ప్రతి ఆటోవాడికీ ఆ వంగిన దబ్బనాన్ని చూపించాడు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చి పట్టీలు తనే కోసి ఇచ్చాడు. సాదియా అంచు మడిచి, మూలల దగ్గర చక్రం చేత్తో తిప్పి, జత పూర్తిచేసింది. మెరూన్ రంగు. ఆటో సీటుకు మిగిలిన రెగ్జిన్ అది. కట్టుకుని దుకాణం ముందు అటూ ఇటూ నడిచింది. కొంచెం కిర్రుమంటున్నాయి. తండ్రి తృప్తిగా తలాడించాడు.

ఆదివారం తెల్లవారుజామున మధుసూదన్ సార్ ఆమె కాళ్లు చూసి, వంగి బండి తాళంచెవితో గట్టిగా నొక్కి చూశాడు. వేలితో మీటి చూశాడు.

"కంపెనీవాళ్లు పరీక్షలు చేసి అమ్ముతారమ్మా. దీనికి ఎవరు పూచీ?"

"మా నాయన దబ్బనం సార్."

రాధాకుమారి పకపకా నవ్వింది. సార్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. "సరే. నా వెనక నడువు, దారి వదలొద్దు," అన్నాడు.

అంతా బాగానే ఉంది. కానీ మేకల దొడ్డి దగ్గర బాలయ్య ఎప్పటిలాగే ఉన్నాడు. రబ్బరు చెప్పులు, ఎగగట్టిన పంచె, ఉత్త పిక్కలు.

"తొడుగులేవి పెదనాయనా?"

"ఇంటికాడ ఉండాయి పాపా. బిగుతుగా ఉండాయి. కాలు మండుతాంది." ఆయన ఆమె వైపు చూడలేదు. కర్ర తీసుకుని ముందు నడిచాడు.

మధుసూదన్ సార్ నేను ముందే చెప్పలేదా అన్నట్టు ఒక్కసారి వెనక్కి చూశాడు, అంతే. సాదియా ముఖం వేడెక్కింది. వారమంతా మిషను ముందు వంచిన నడుము ఇప్పుడు నొప్పి పుట్టింది. గుట్ట మీద సూర్యుడు మబ్బుల సందులోంచి కిరణాలు విసనకర్రలాగా విప్పితే శ్యాంసన్ కేకలు వేశాడు. సాదియా కూడా ఫొటోలు తీసింది. తీసినవి చూసుకోలేదు. ఇష్టం లేని మనిషికి బలవంతంగా అంటగట్టానా? కట్టుకోలేనంటే తిరిగి ఇచ్చేయొచ్చు కదా. ఇంట్లో మూల పడేసుకోవడం ఎందుకు? దిగేదాకా ఇదే ఆలోచన.

కిందికి వచ్చాక బాలయ్య ఇంట్లో మజ్జిగ తాగిపోవడం అలవాటు. ఆ రోజు సాదియా బండి దగ్గరే ఉంటానంది. రాధాకుమారి వినకుండా చేయి పట్టుకుని తీసుకుపోయింది. రేకుల ఇంటి ముందు వేపచెట్టు నీడలో బాలయ్య మంచం వాల్చాడు. "మా ఆడమనిషి గడ్డికి పోయింది, వచ్చే యాళే," అని తనే కుండలోంచి మజ్జిగ పోశాడు. ఎందుకో తొందరపడుతున్నాడు. సగం గ్లాసు తాగేలోపే, "ఎండెక్కుతాంది, పోతారా మరి," అని అడిగాడు.

అప్పుడే దొడ్డిగుమ్మంలోంచి ఇద్దరు ఆడవాళ్లు గడ్డిమోపులతో వచ్చారు. మోపులు ముఖాలను కప్పేశాయి. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. సాదియా గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. ముందు వచ్చినావిడ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని ఉంది. ఆమె ఎడమ కాలికి సాదియా ఇచ్చిన తొడుగు. కుడి కాలు ఉత్తది. వెనకున్నావిడ ఎడమ కాలికి రెండో తొడుగు, అది కుడి కాలిది కావడంతో పట్టీలు లోపలివైపుకు వచ్చాయి. కుడి కాలు ఉత్తది.

మోపులు దబ్బున పడ్డాయి. ముందున్నావిడ బాలయ్య భార్య గోవిందమ్మ. వెనకున్నావిడ పక్కింటి రాములమ్మ. మనుషులను చూసి రాములమ్మ గబుక్కున కుచ్చెళ్లు దించుకుంది. గోవిందమ్మ దించుకోలేదు.

బాలయ్య నేల చూపులు చూస్తూ, "నేను చెప్పలేకపోయినా పాపా," అన్నాడు.

"ఏం చెప్తావు నువ్వు? ఈయప్ప ఇయ్యలేదమ్మా, నేనే గుంజుకున్న్యా," అంది గోవిందమ్మ. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, సాదియాను పరిశీలనగా చూసింది. "ఇచ్చిన పాపవు నువ్వే గదా? ఈయన కొండకు వారానికొకతూరి పోతాడు. మేకలు మేపేది చదును నేలలో. నేను గడ్డిలోకి దినామూ పోతా. మొన్న వానలకాలం రాములమ్మ కోడల్ని కందిచేలోనే పాము కరిచింది. మార్కాపురం ఆస్పత్రికి మోసుకొనిపోయి బతికించుకుంటిమి."

"మరి ఒక్కొక్కటేనా పెద్దమ్మా?" అంది సాదియా.

"ఉండేది ఒక్క జతాయె, మనుషులం ఇద్దరమాయె." గోవిందమ్మ అక్కడికక్కడే గొంతుక్కూర్చుని, లేని కొడవలితో లేని గడ్డి కోసి చూపించింది. కుడి కాలు కింద ముడుచుకుంది. ఎడమ కాలు ముందుకు చాపింది. "ఇట్ల గదా కోసేది. గడ్డిలోకి ముందు పొయ్యేది ఈ కాలే. ఎనకకాలు కోసిన కాడ ఉంటాది. అందుకని ముందు కాలికి తలా ఒకటి."

శ్యాంసన్ నవ్వబోయి ఆగాడు. ఎవరూ నవ్వలేదని కాదు, గోవిందమ్మ చెప్పిన లెక్కలో తప్పేమీ లేదు కాబట్టి.

సాదియాకు ఉదయంనుంచీ మోస్తున్న కోపం ఎక్కడ దించాలో తెలియలేదు. దించడానికి చోటే లేకుండా పోయింది. ఆమె వెళ్లి గోవిందమ్మ పక్కన అలాగే గొంతుక్కూర్చుంది. తన మెరూన్ తొడుగు అంచు మోకాలి వెనక కసుక్కున గుచ్చుకుంది.

"నాకూ అంతే గుచ్చుతాంది," అంది గోవిందమ్మ. కుచ్చెళ్లు తప్పించి మోకాలి వెనక ఎర్రగా పడిన చార చూపించింది. "నడిచేటోళ్లకు చేసినారమ్మా ఇవి. కూసునేటోళ్లకు కాదు."

"వెనక కోసేయాల," అంది సాదియా. చేయి అప్పుడే ఆ వంపు మీద తిరుగుతోంది. "ముందు ఎత్తు అట్లనే ఉంచి, వెనక చంద్రవంక మాదిరి దించాల. పట్టీ చీర మీద కాకుండా కిందికి రావాల."

మధుసూదన్ సార్ మజ్జిగ గ్లాసును మంచం కోడు పక్కన పెట్టాడు. "ఈ ఊర్లో గడ్డికి పొయ్యే ఆడవాళ్లు ఎంతమంది ఉంటారమ్మా?"

"పోనోళ్లు ఎవురు సార్?" అంది రాములమ్మ. ఆమె నోరు విప్పింది అప్పుడే.

సార్ మంచం మీద కూర్చునే వంగి పట్టీలు విప్పడం మొదలుపెట్టాడు. ఒక కాలు, తర్వాత రెండో కాలు. రెంటినీ దులిపి రాములమ్మ ముందు పెట్టాడు. "సాదియా కుట్టిచ్చేదాకా ఇవి కట్టుకోండి. నాకు మళ్లీ ఆదివారం దాకా పని లేదు." రాధాకుమారి అప్పటికే విప్పేసింది. శ్యాంసన్ తన జతను మురిపెంగా చూసుకుని, "కొత్తవి సార్," అన్నాడు. అందరూ తనవైపే చూసేసరికి, "కొత్తవైతే మరీ మంచిది గదా," అని తనూ విప్పాడు.

సాదియా దగ్గర కొలిచే టేపు లేదు. మందుల సంచిలోంచి గుడ్డపట్టీ చుట్ట తీసింది. గోవిందమ్మ పిక్కకు చుట్టి, కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, మోకాలి కిందినుంచి మడమ దాకా ఇంకో గీత పెట్టి, 'గో' అని రాసింది. రాములమ్మ కాలు చాపడానికి సిగ్గుపడి, ముందు తొట్టి దగ్గరికి పోయి కడుక్కుని వచ్చింది. ఈలోపు గోడ పైనుంచి ఒకామె తొంగిచూసింది. ఏమిటని అడిగింది. ఆమె వెళ్లి ఇంకొకామెకు చెప్పింది. చూస్తుండగానే గడ్డిమోపులు దించినవాళ్లు, ఇంకా దించనివాళ్లు, దొడ్డి నిండారు. వాళ్లలో ఒకామె, "ఊరకనే అయితే నాకొద్దు. కందులు ఇస్తా," అంది. ఇంకొకామె ఎర్ర రంగులో కావాలంది. వెంకటలక్ష్మమ్మ అనే ముసలావిడ తను గడ్డికి పోవడం మానేసి ఏళ్లయినా కాలు చాపింది. సాదియా ఆమెకూ కొలత తీసింది.

మధ్యలో తండ్రికి ఫోను చేసింది.

"అబ్బా, ఈ వారం ఆటో సీట్లు ఆలస్యమవుతాయి."

"ఎందుకు?"

చెప్పింది. అవతల మిషను ఆగిన చప్పుడు వినిపించింది.

"సీట్లకేం, చినిగినదాని మీద కూడా కూర్చుంటారు," అన్నాడు ముస్తాక్. "డ్రమ్ములు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుంటా. రంగు ఏదంటావు?"

"ఎరుపు అడుగుతుండారు."

"ఎరుపు ఉండాది."

ఫోను పెట్టేసి తల ఎత్తేసరికి గోవిందమ్మ చేతులు నడుమున పెట్టుకుని వరస సరిచేస్తోంది. తోసుకోవద్దంటోంది, మోపులు దారికి అడ్డం పెట్టొద్దంటోంది. బాలయ్య మెల్లగా వేపచెట్టు కిందినుంచి వచ్చి, సాదియా పక్కన కూర్చోబోయాడు. పంచె ఎగగట్టి, గీతలు పడిన పిక్కను ముందుకు చాపాడు.

"నాకు గూడా ఒక జత తియ్యి పాపా. ఆ పొద్దు పింజరిని చూసి ప్రాణం పోయినంత పని అయ్యింది. మీ ముందర చెప్పలేదంతే."

సాదియా పట్టీ అందుకుంది. ఆయన పిక్కకు చుట్టేలోపే గోవిందమ్మ చేయి అడ్డం వచ్చింది.

"యాడికి వస్తివి? ఇంతమంది నిలబడుకోనుంటే కనపళ్లేదా?"

బాలయ్య లేచాడు. దొడ్డిలో ఉన్నవాళ్లంతా నవ్వుతుంటే, తనూ నవ్వుకుంటూ, పంచె అట్లే ఎగగట్టుకుని గోడ దాకా పోయి, అందరికన్నా వెనక వెంకటలక్ష్మమ్మ పక్కన నిలబడ్డాడు. చెవి మీది బీడీ తీసి, అగ్గిపుల్ల గీశాడు. మొదటి పుల్లకే అంటుకుంది.

"తరవాత ఎవురు?" అంది సాదియా.